మడత పడిన డీఎన్‌ఏ, కొవ్వు పొర

జూబ్లీహిల్స్‌లో చిరంజీవి రక్తనిధి 1998 అక్టోబరు 2న మొదలైంది. అక్కడికి వచ్చి చెయ్యి చాపే అభిమానులకు రక్తపు సంచిలోకి ఏం వెళుతోందో స్థూలంగా తెలుసు: ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా. ఈ వ్యాసానికి కావలసింది వాటిలో మొదటి రెండింటి మధ్య ఉన్న ఒక తేడా. పూర్తిగా ఎదిగిన ఎర్రకణంలో డీఎన్‌ఏ ఉండదు. ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే అది కేంద్రకాన్ని వదిలించుకుంటుంది. మిగిలేది హీమోగ్లోబిన్, దాన్ని పట్టి ఉంచే ఓ పల్చని కొవ్వు పొర. తెల్లకణం అలా కాదు. దాని కేంద్రకంలో దాదాపు రెండు మీటర్ల పొడవైన డీఎన్‌ఏ, మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని జాగాలో మడతలు మడతలుగా సర్దుకుని ఉంటుంది.

ఒకే సంచిలో కొవ్వు పొరా ఉంది, మడత పడిన డీఎన్‌ఏ కూడా ఉంది. ఈ రెండూ నేరుగా ఎదురుపడితే ఏమవుతుంది? అతుక్కుంటాయా, దూరం జరుగుతాయా, ఒకదాన్నొకటి చీల్చుకుని పోతాయా? బడి పుస్తకాల్లో ఈ ప్రశ్న కనిపించదు. డీఎన్‌ఏ అనగానే అందులో రాసి ఉన్న సమాచారం గురించే మాట్లాడుకుంటాం: కళ్ల రంగు, వంశం, వచ్చే జబ్బులు. డీఎన్‌ఏకు ఒక దేహం కూడా ఉంది. దానికి మందం ఉంది, విద్యుదావేశం ఉంది, మడతను బట్టి మారే ఆకారం ఉంది. కొవ్వు పొర దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా పనిచేసేది ఆ దేహమే. జన్యువైద్యం, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు ఈ దేహాన్ని అర్థం చేసుకున్నాకే సాధ్యమయ్యాయి. అందులో హైదరాబాదు చేసిన పని తక్కువేమీ కాదు. మన పాఠకులకు అది చేరినది మాత్రం తక్కువే.

ముందు పొర సంగతి చూద్దాం. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఎర్రకణాలనే ఎంచుకున్నారు. లోపల కేంద్రకం లేదు, వేరే పొరలూ లేవు కాబట్టి అందులోంచి వచ్చే కొవ్వంతా పైపొరదే అయి ఉండాలని వాళ్ల తర్కం. ఆ కొవ్వును అసిటోన్‌తో బయటికి తీసి, నీటి మీద ఒకే అణువు మందాన పరిచి కొలిస్తే, కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యం వచ్చింది. కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడి ఉన్నాయని అలా తేలింది. వాళ్ల కొలతల్లో రెండు తప్పులున్నాయని తర్వాతివాళ్లు కనిపెట్టారు. కొవ్వు పూర్తిగా బయటికి రాలేదు, కణం వైశాల్యాన్నీ తక్కువగా లెక్కగట్టారు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో ఫలితం నిలిచింది.

ఆ వరసల్లో ఉన్నవి లిపిడ్ అణువులు. ఒక్కోదానికి నీటితో కలిసే తల ఒకటి, నీటికి దూరం జరిగే తోకలు రెండు ఉంటాయి. తోకలన్నీ లోపలికి ముడుచుకుని, తలలు రెండు వైపులా నీటిని చూస్తూ నిలబడతాయి. మొత్తం మందం నాలుగైదు నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. ఇంత పల్చని పొర ఒక జీవకణాన్ని లోకం నుంచి వేరు చేస్తోంది.

అదే 1925లో, హార్వర్డ్‌లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన పై అధ్యాపకుడు సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. భాస్వరం ఫాస్ఫేట్ రూపంలో ఉన్న ద్రావణానికి మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనంతో చర్య జరిపిస్తే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతా పేరుపడిన ఈ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టగలిగారు. 1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త దాన్ని ఫాస్ఫోలిపిడ్లకు పనికొచ్చేలా మార్చాడు. పొరల మీద పనిచేసే ప్రయోగశాలల్లో తమ దగ్గర లిపిడ్ ఎంతుందో తేల్చుకోవడానికి ఇప్పటికీ ఆ నీలాన్నే చూస్తారు. సుబ్బారావు అనగానే మనవాళ్లు ఫోలిక్ యాసిడ్‌నీ, మెథోట్రెక్సేట్‌నీ, ఆరియోమైసిన్‌నీ తలుచుకుంటారు. వాటన్నిటికంటే ముందు వచ్చిన ఈ నీలం రంగును కూడా అంత గౌరవంగా తలుచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

సుబ్బారావును ఇక్కడ తలుచుకోవడానికి మరో కారణం ఉంది. ఆయన కొలిచిన ఫాస్ఫేట్ మన కథలోని రెండు పక్షాల్లోనూ ఉంది. డీఎన్‌ఏ పోగులో ప్రతి రెండు చక్కెర అణువులనూ కలిపి పట్టుకునేది ఫాస్ఫేటే. కణపు పొరలోని ప్రధాన లిపిడ్ల తలల్లో కూర్చున్నదీ ఫాస్ఫేటే. పొరను పరీక్షించినా, డీఎన్‌ఏను పరీక్షించినా, విడగొట్టి మాలిబ్డేట్ కలిపితే నీలమే వస్తుంది.

ఫాస్ఫేట్ రుణావేశం మోస్తుంది. రుణావేశాలు రెండు దగ్గరైతే నెట్టుకుంటాయి. డీఎన్‌ఏ జంట పోగులో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య 0.34 నానోమీటర్లు, ఒక్కో మెట్టుకు రెండు ఫాస్ఫేట్లు. నానోమీటరు పొడవుకు దాదాపు ఆరు రుణావేశాలు. ఇంత దట్టంగా రుణావేశం పోగుపడిన అణువులు జీవకణంలో అరుదు. పొర విషయం కొంచెం మెత్తగా ఉంటుంది. మన కణాల్లో ఎక్కువగా ఉండే ఫాస్ఫాటిడిల్ కోలిన్ అనే లిపిడ్‌లో ఫాస్ఫేట్ పక్కనే కోలిన్ అనే ధనావేశపు భాగం ఉంటుంది. రెండూ కలిసి సున్నా అవుతాయి. ఫాస్ఫాటిడిల్ సెరిన్‌లో మాత్రం రుణావేశం మిగిలిపోతుంది. కాబట్టి డీఎన్‌ఏ ఒక రకం లిపిడ్‌ను పట్టించుకోదు, మరో రకం లిపిడ్ నుంచి దూరం జరుగుతుంది.

ఇది తలల దగ్గరి మాట. తలలు దాటి తోకల మధ్యకు వెళ్లడం అంతకంటే ఎన్నో రెట్లు కష్టం. డీఎన్‌ఏ మీది ప్రతి ఆవేశం చుట్టూ నీటి అణువులు, సోడియం, పొటాషియం అయాన్లు మూగి ఉంటాయి. తోకల మధ్య నూనెలాంటి చోటుకు పోవాలంటే వాటన్నిటినీ వదులుకోవాలి. అందుకయ్యే శక్తి ఎంత ఎక్కువంటే, ఉత్త డీఎన్‌ఏ తనంతట తాను పొర దాటడం జరగదనే అనుకోవాలి. జీవానికి ఇది మేలే. ఏ చచ్చిన సూక్ష్మజీవి నుంచో చెదిరిన డీఎన్‌ఏ మన కణాల్లోకి ఇష్టం వచ్చినట్టు దూరితే బతుకు నిలబడదు. మందు ఇవ్వాలనుకునే వైద్యుడికి మాత్రం ఈ పొర పెద్ద అడ్డం.

మొదటి ఉపాయం ప్రకృతిలోనే ఉంది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లకు ఒక్కోదానికి రెండు ధనావేశాలు. ఒక పక్క డీఎన్‌ఏ ఫాస్ఫేట్‌నూ, మరో పక్క లిపిడ్ ఫాస్ఫేట్‌నూ పట్టుకుని అవి మధ్యలో నిలబడగలవు. అప్పుడు దూరం జరగాల్సిన రెండూ అతుక్కుంటాయి. పొర గట్టిపడి, తోకలు బిగుసుకుని ఉన్న స్థితిలో ఈ అతుకు మరింత బలంగా ఉంటుంది. పొర కరిగి పారే స్థితికి వస్తే సడలుతుంది. డీఎన్‌ఏ, పొర పట్టుకుంటాయా లేదా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. ఉప్పు ఎంత, ఏ ఉప్పు, పొర ఏ స్థితిలో ఉంది అని ఎదురు అడగాలి.

రెండో ఉపాయం మనిషి చేసింది. లిపిడ్ తలకే ధనావేశం తగిలిస్తే? 1987లో అమెరికాలో ఫెల్గ్‌నర్ బృందం డాట్మా అనే ధనావేశ లిపిడ్‌తో డీఎన్‌ఏను చుట్టి కణాల్లోకి పంపి చూపించింది. తర్వాత పదేళ్లు ప్రపంచమంతా ఇలాంటి లిపిడ్ల వేట సాగింది.

ఆ వేటలో మన ఊరూ ఉంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నాగోలు వైపు వెళ్లే మెట్రో ఎక్కితే అమీర్‌పేట, సికింద్రాబాద్ దాటి తార్నాక, హబ్సిగూడ వస్తాయి. తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, హబ్సిగూడలో కణ, అణుజీవ పరిశోధన కేంద్రం సీసీఎంబీ. ఐఐసీటీలో అరబింద చౌదరి లిపిడ్లు తయారు చేసే రసాయనవేత్త, సీసీఎంబీలో ఎన్. మధుసూదనరావు పొరలను చదివే జీవశాస్త్రవేత్త. 1999లో ఈ రెండు బృందాలూ కలిసి కొత్త తరహా ధనావేశ లిపిడ్లను ప్రకటించాయి. అప్పటిదాకా వచ్చిన లిపిడ్లలో చాలావాటికి వెన్నెముక గ్లిసరాల్. వీళ్లు దాన్ని పక్కనపెట్టి కట్టారు. ఒక ప్రయోగశాలలో అణువు తయారవుతుంది, రెండో ప్రయోగశాలలో అది డీఎన్‌ఏను పట్టి కణంలోకి దింపుతుందో లేదో తేలుతుంది. పక్కపక్క ప్రాంగణాల మధ్య సాగిన ఇలాంటి పని పత్రికల మొదటి పేజీకి ఎక్కదు. ఇరవై ఏళ్ల తర్వాత దాని విలువ తెలిసింది. అది ముందుముందు చెబుతాను.

ధనావేశ లిపిడ్, డీఎన్‌ఏ కలిసినప్పుడు లోపల ఏం జరుగుతోందో 1997లో కాలిఫోర్నియాలో సఫీన్యా బృందం ఎక్స్‌-కిరణాలతో చూసింది. డీఎన్‌ఏ ఏదో ఓ సంచిలో పడి ఉంటుందని మనం అనుకోవచ్చు. తీరా చూస్తే కొవ్వు పొరలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరి, ప్రతి రెండు పొరల మధ్యా డీఎన్‌ఏ పోగులు సమాన దూరంలో పడుకుని ఉన్నాయి. మరుసటి ఏడాది ఇంకో సంగతి తేలింది. లిపిడ్ ఆకారం మార్చితే దొంతర పోయి, ప్రతి డీఎన్‌ఏ పోగు చుట్టూ కొవ్వు గొట్టంలా మూసుకుంటుంది. ఈ రెండో అమరిక కణపు పొర తగలగానే దాంతో తేలిగ్గా కలిసిపోతుంది, డీఎన్‌ఏను తేలిగ్గా వదిలేస్తుంది. ఏమిస్తున్నామన్నది ఒకటే అయినా, ఎలా మడిచి ఇస్తున్నామన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయింది. ఈ రంగమంతటికీ కీలకం ఇక్కడుందని నేననుకుంటాను.

ధనావేశ లిపిడ్లతో ఒక చిక్కు ఉంది. అవి ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటాయి కాబట్టి రక్తంలో కనిపించిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కుంటాయి, కణాలకు హాని చేస్తాయి. దీనికి విరుగుడుగా వచ్చినవి పరిసరాన్ని బట్టి మారే లిపిడ్లు. రక్తంలో ఆమ్లగుణం ఉండదు, అక్కడ వీటికి దాదాపు ఆవేశం ఉండదు. కణం తన పొరను లోపలికి గుంటలా లాక్కుని వీటిని మింగుతుంది. అలా ఏర్పడే చిన్న తిత్తిని ఎండోసోమ్ అంటారు. తిత్తి లోపలికి పోతున్నకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు లిపిడ్ ధనావేశం తెచ్చుకుని, తిత్తి గోడలోని రుణావేశ లిపిడ్లను పట్టుకుని, ఆ గోడను చెదరగొట్టి లోపలి సరుకును కణద్రవంలోకి వదులుతుంది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ ఈ పద్ధతిలో, డీఎన్‌ఏకు దగ్గరి బంధువైన ఆర్‌ఎన్‌ఏ చిన్న ముక్కను కాలేయానికి చేర్చిన మొదటి మందు. 2020 చివర వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలూ ఈ మార్గంలోనే వెళ్లాయి.

కోవిడ్ మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో షూటింగులు ఆగిపోయి, లైట్‌మెన్ నుంచి డ్రైవర్ల దాకా రోజు కూలీ లేకుండా పోయింది. వాళ్ల కోసం చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ, 2021 ఏప్రిల్‌లో సినీ కార్మికులకు ఉచిత టీకాలూ మొదలుపెట్టింది. అప్పట్లో మన దగ్గర దొరికేవి ముఖ్యంగా కోవిషీల్డ్, కోవాగ్జిన్. కోవిషీల్డ్‌లో డీఎన్‌ఏ ఉంది గానీ దాని చుట్టూ ఉన్నది అడినోవైరస్ ప్రోటీన్ పెంకు. కొవ్వు పొర లేదు. హైదరాబాదులో భారత్ బయోటెక్ చేసిన కోవాగ్జిన్‌లో ఉన్నది చంపేసిన మొత్తం వైరస్. జబ్బు తెచ్చిన కరోనా వైరస్ స్వయంగా మన అంశానికి మంచి ఉదాహరణ. దాదాపు 30 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ల సాయంతో మడత పడి, కొవ్వు పొరలో కూర్చుని ఉంటుంది. ఆ పొర కణపు పొరతో కలిసిపోవడమే దాని దాడి. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది కాబట్టే చేతులు కడుక్కోమన్నారు.

1999లో కలిసి పనిచేసిన వారిలో ఒకరైన మధుసూదనరావు, 2022 మేలో సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రం తరఫున ఒక ప్రకటన చేశారు. బయటి సాంకేతిక సాయం లేకుండా స్వదేశంలోనే ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పద్ధతి అభివృద్ధి చేశామని, ఎలుకల్లో మంచి ప్రతిరక్షకాలు వచ్చాయని. మార్కెట్‌లోకి వచ్చిన టీకా కాదది. ఆ ఏడాది జూన్‌లో అనుమతి పొందిన దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పుణెలోని జెన్నోవా సంస్థది. అయినా ఆర్‌ఎన్‌ఏను తయారు చేయడం, దానికి తగిన కొవ్వు కట్టడం, రెండింటినీ జత చేయడం మన ఊళ్లోనే సాధ్యమైంది. ఇరవై ఏళ్ల కిందట పేరు లేకుండా సాగిన లిపిడ్ల పని అలా చేతికి అందివచ్చింది.

ఇంతవరకు డీఎన్‌ఏను సరుకుగా చూశాం. కొవ్వు దాన్ని మోసింది. ఇక్కడి నుంచి కథ తిరగబడుతుంది. డీఎన్‌ఏనే పనిముట్టుగా మడిచి, దాంతో పొరకు చిల్లు వేయగలమా అన్న ప్రశ్న వస్తుంది.

డీఎన్‌ఏలో ఏ అక్షరం ఏ అక్షరంతో జతకడుతుందో ముందే తెలుసు కాబట్టి, అక్షరాలు సరిగ్గా ఎంచుకుంటే పోగులు మనం కోరిన చోట మలుపు తిరిగి మనం కోరిన ఆకారంలో నిలబడతాయని నెడ్ సీమన్ 1982లో ప్రతిపాదించాడు. 2006లో పాల్ రోథ్‌మండ్ దాన్ని చాలా సులువు చేశాడు. ఎం13 అనే వైరస్ నుంచి తీసిన, ఏడు వేలకు పైగా అక్షరాలున్న ఒంటి పోగు ఒకటి. దాంతో 200కు పైగా చిన్న పోగులు. ఒక్కో చిన్న పోగు పెద్ద పోగులోని రెండు మూడు దూరపు చోట్లను పట్టుకుని దగ్గరికి లాగుతుంది. వేడి చేసి మెల్లగా చల్లారిస్తే మొత్తం తనంతట తానే మడతపడి చతురస్రమో, నక్షత్రమో, నవ్వు ముఖమో అవుతుంది. డీఎన్‌ఏ ఒరిగామి అని దీనికి పేరు. ఆకారం నిలవాలంటే సాధారణంగా మెగ్నీషియం ఉండాలి. దట్టంగా చేరిన ఫాస్ఫేట్ల నెట్టుడును అదే అణచిపెడుతుంది.

ఇలాంటి మడతను పొరలో గుచ్చడానికి మ్యూనిక్‌లో సిమ్మెల్, డీట్జ్ బృందాలు 2012లో దారి చూపాయి. 54 జంట పోగులతో ఒక కట్టడం చేశారు. దాని మధ్యలోంచి రెండు నానోమీటర్ల వెడల్పు గొట్టం పొరలోకి దిగుతుంది. ఫాస్ఫేట్లు పొరలోకి పోవు కదా. అందుకని కట్టడానికి 26 కొలెస్ట్రాల్ అణువులను తగిలించారు. రక్తపరీక్షలో మనం భయంగా చూసుకునే కొలెస్ట్రాలే అది. పొరలో ఉండడం దానికి సహజం. ఆ 26 అణువులు తోకల మధ్య దిగి పట్టుకుంటే, వాటి బలంతో గొట్టం లోపలికి దిగింది, అయాన్లు దానిగుండా పారాయి. మరుసటి ఏడాది లండన్‌లో హోవర్కా బృందం కొలెస్ట్రాల్‌కు బదులు, పొరలో దిగే భాగంలోని ఫాస్ఫేట్ల రసాయనాన్నే కొంచెం మార్చి ఆవేశం తీసేసి, ఆరు పోగుల గొట్టాన్ని గుచ్చింది. ఒక జట్టు పొరకు నచ్చేదాన్ని తగిలించింది, మరో జట్టు పొరకు నచ్చనిదాన్ని తీసేసింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది 2018లో కేంబ్రిడ్జ్‌లోని కైజర్, ఇల్లినాయ్‌లోని అక్సిమెంటియెవ్ బృందాలు కలిసి చేసిన పని. ఎనిమిది పోగులే ఉన్న చిన్న కట్టడం వాళ్లది. పొరలో దిగినప్పుడు దాని చుట్టూ ఉన్న లిపిడ్లు నిటారుగా ఉండలేకపోయాయి. తోకలు డీఎన్‌ఏను తాకకుండా, తలలు దాని వైపు వంగాయి. పై వరస తలలూ కింది వరస తలలూ వంగి వంగి ఒకదాన్నొకటి కలుసుకుని, డీఎన్‌ఏ చుట్టూ ఒక వంపు గోడ తయారైంది. ఆ గోడ వెంట లిపిడ్లు పై వరసలోంచి కింది వరసలోకి జారడం మొదలుపెట్టాయి. మామూలు పొరలో ఒక లిపిడ్ వరస మారడం చాలా అరుదు. ఇక్కడ సెకనుకు కోటికి పైగా మారాయి. ఈ పని చేసే సహజ ఎంజైములకంటే అది వెయ్యి రెట్ల వేగం.

లిపిడ్లు వరస మారితే ఏమవుతుంది? మన కణాల్లో ఫాస్ఫాటిడిల్ సెరిన్ దాదాపు అంతా లోపలి వరసలో ఉంటుంది. అది బయటి వరసలో కనిపిస్తే, ఈ కణం పని అయిపోయింది, తీసేయవచ్చునని చుట్టూ ఉన్న కాపలా కణాలు గ్రహిస్తాయి. ఆ పరిశోధకులు తమ కట్టడం మనిషి కణాల పొరలో కూడా లిపిడ్ల కూర్పును మార్చగలదని చూపారు. ఏ జన్యువునూ ముట్టుకోకుండా, ఒక్క అక్షరం చదవకుండా, డీఎన్‌ఏ తన ఆకారంతోనే కణం తలరాతను తాకింది. డీఎన్‌ఏకు దేహం ఉందని మొదట్లో అన్నమాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

తలలు వంగడం, గోడ కట్టడం లాంటివి ఏ సూక్ష్మదర్శినిలోనూ నేరుగా ఇంత వివరంగా కనిపించవు. వాటిని కంప్యూటర్‌లో లెక్కగట్టి చూస్తారు. డీఎన్‌ఏ, లిపిడ్లు, నీరు, అయాన్లు అన్నీ కలిపి లక్షల పరమాణువులు. ఒక్కోదాని మీద మిగతావన్నీ ఎంత బలం చూపుతున్నాయో లెక్కించి, ఒక్క చిన్న అడుగు ముందుకు జరిపి, మళ్లీ లెక్కిస్తారు. ఆ అడుగు సాధారణంగా రెండు ఫెమ్టోసెకన్లు. ఫిల్మ్‌నగర్ పాఠకులకు ఈ లెక్క వాళ్ల భాషలోనే చెప్పవచ్చు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మూడు గంటల సినిమాకు 2,59,200 ఫ్రేములు. ఒక్క మైక్రోసెకను డీఎన్‌ఏ కదలికకు 50 కోట్ల ఫ్రేములు కావాలి. వాటిని థియేటర్ వేగంతో రాత్రింబవళ్లు ఆడిస్తే ఎనిమిది నెలలు పడుతుంది. గ్రాఫిక్స్ కళాకారుడు కంటికి నచ్చేదాకా ఫ్రేమును దిద్దుకోవచ్చు. ఇక్కడ దిద్దుకునే వీలు లేదు, భౌతికశాస్త్ర సూత్రాలు ఏది చెబితే అదే తర్వాతి ఫ్రేము.

బెంగళూరు భారత విజ్ఞాన సంస్థలో ప్రబల్ మైతీ, హిమాంశు జోషి ఇలాంటి లెక్కలతోనే, పొరలో నిలిచిన డీఎన్‌ఏ గొట్టం చుట్టూ లిపిడ్లు ఎలా సర్దుకుంటాయో, దానిగుండా అయాన్లు ఎంత పారతాయో 2018లో ప్రచురించారు. జోషి తర్వాత ఇల్లినాయ్‌లో అక్సిమెంటియెవ్ దగ్గర పనిచేసి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బోధిస్తున్నారు. తార్నాకలో లిపిడ్ల రసాయనం, కందిలో పొరల కంప్యూటర్ లెక్కలు: ఊరికి రెండు చివర్లా ఒకే ప్రశ్న నలుగుతోంది. బయోటెక్నాలజీ చదువుతున్న మన పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మడతలు మనం చేసినవే కానక్కర్లేదు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అనే న్యూక్లియిక్ ఆమ్లాలు తమంతట తామే చిత్రమైన ముడులు వేసుకుంటాయి. గ్వానీన్ అక్షరాలు ఎక్కువగా ఉన్న పోగు నాలుగేసి గ్వానీన్లను చదరంగా పేర్చి, ఒకదాని మీద ఒకటి దొంతర పెడుతుంది. డ్రెస్‌డెన్‌లో చెర్నియాక్, సయెంజ్ 2022లో చూపినదేమిటంటే, చిన్న ఆర్‌ఎన్‌ఏలు గట్టిపడిన కొవ్వు పొరకు అంటుకోవాలంటే గ్వానీన్ ఉండడం చాలా ముఖ్యం. ఈ నాలుగేసి దొంతర కట్టుకుంటే అతుకు ఇంకా పెరుగుతుంది. అంతేకాదు, పొర ఉండడం వల్ల ఒక ఆర్‌ఎన్‌ఏ ఎంజైము పనితీరే మారింది. ప్రోటీన్లు ఇంకా పుట్టని ఆదికాలంలో కొవ్వు తిత్తులూ ఆర్‌ఎన్‌ఏలూ ఎలా జతకట్టి ఉంటాయన్న పెద్ద ప్రశ్నకు ఇది ఒక పట్టు ఇచ్చింది.

సైటోసిన్ అక్షరాలు ఎక్కువైతే ముడి వేరు. ఆమ్లం తగిలితే బిగుస్తుంది, ఆమ్లం తగ్గితే విప్పుకుంటుంది. యమునా కృష్ణన్ 2009లో బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో దీన్ని కొలబద్దగా మార్చారు. ఈ డీఎన్‌ఏను కణం మింగాక, ఎండోసోమ్ తిత్తిలో ఆమ్లం పెరుగుతున్నకొద్దీ అది ముడుచుకుంటుంది, ముడుచుకున్న కొలదీ దాని వెలుగు రంగు మారుతుంది. పొర అవతల ఏం జరుగుతోందో బతికున్న కణంలోనే చదవగలిగారు. టీకాలోని లిపిడ్ ఏ ఆమ్లాన్ని చూసి ఆవేశం తెచ్చుకుంటుందని ఇందాక అనుకున్నామో, ఈ కొలత ఆ ఆమ్లానిదే.

ఆ తిత్తి దగ్గరే ఇవాళ్టి అసలు పోరాటం ఉంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలను లిపిడ్ కణికల్లో పంపినప్పుడు, కణం మింగినదాంట్లో తిత్తి గోడ దాటి బయటపడేది నూటికి ఒకటో రెండో పాళ్లేనని 2013లో కొలిచారు. మిగతాది పనికి రాకుండా పోతుంది. తిత్తి గోడను మరికాస్త ఎక్కువగా, కణానికి హాని లేకుండా చెదరగొట్టగలిగితే మందు మోతాదు ఎన్నో రెట్లు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. లిపిడ్ తోకల వంపు మార్చి చూసేవాళ్లూ, డీఎన్‌ఏ మడతకు కొలెస్ట్రాల్ కాళ్లు ఎన్ని, ఎక్కడ అని వెతికేవాళ్లూ ఈ గోడ ముందే నిలబడి ఉన్నారు. మడత డీఎన్‌ఏకు ఇంకో కష్టం కూడా ఉంది. రక్తంలో మెగ్నీషియం తక్కువ, డీఎన్‌ఏను కోసే ఎంజైములు ఎక్కువ. అందుకని మడత విప్పుకోకుండా, ముక్కలవకుండా లైసిన్ గొలుసులతో పైపూత పూయాల్సి వస్తోంది.

తిత్తి గోడ దాటిన ఎంఆర్‌ఎన్‌ఏకు అక్కడికక్కడే పని దొరుకుతుంది. ప్రోటీన్లు తయారు చేసే రైబోజోములు కణద్రవంలోనే ఉంటాయి. జన్యువును డీఎన్‌ఏ రూపంలో పంపినవాళ్లకు అక్కడితో పని తీరదు. కేంద్రకం చుట్టూ మరో రెండు పొరలున్నాయి. వాటిలోని రంధ్రాలు చిన్న అణువులను పోనిస్తాయి గానీ ఇంత పెద్ద డీఎన్‌ఏను తేలిగ్గా పోనివ్వవు. కణం విభజన చెందుతూ ఆ పొరలు తాత్కాలికంగా విడిపోయినప్పుడే దానికి మంచి దారి దొరుకుతుంది. మన నాడీకణాలు, గుండె కండర కణాలు దాదాపుగా విభజన చెందవు. ఆ కణాలకు జన్యువును చేర్చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా వైరస్ పెంకుల మీదే ఆధారపడుతున్నారు.